ముప్ఫై ఎనిమిదో వరుసలో ఛార్జ్ అప్పగింత

మా ఆయన రైళ్ళు నడిపినంత కాలం నాకు సెలవంటే రైలెక్కడం, ఆయనకి సెలవంటే రైలెక్కకపోవడం. ఈ రెండు సెలవులూ ఒక్క రోజున కలిసిన పాపాన పోలేదు. అలాగని రైల్వే ఏడాదికిచ్చే ఉచిత పాసుల్ని మురగబెట్టుకోలేం. రైల్వేవాళ్ళ ఇంట్లో అది అన్నం పారబోయడంతో సమానం. అందుకని బతిమాలో బెదిరించో లాక్కెళ్ళేదాన్ని. కన్యాకుమారి చూశాం, హరిద్వారం చూశాం, డార్జిలింగు చూశాం. చూశాం అనడం మర్యాదకి. నేను చూశాను. ఆయన దారి పొడుగునా తలుపు దగ్గర నిలబడి సిగ్నళ్ళు చూశారు.

ఖరగ్‌పూర్‌లో మాది మూడు తరాల కాపురం. మా మామగారూ, ఆయన తండ్రీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాళ్ళు. మా ఆయన ఒక్కరే ఆ గేటు దాటి ఇంజినెక్కారు, ఎక్స్‌ప్రెస్ బళ్ళ డ్రైవరుగా రిటైరయ్యారు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట. మా ఝపటాపూర్ వీధిలో మాత్రం ఇప్పటికీ డ్రైవరుగారే. నేను టౌన్లో తెలుగు బడి పంతులమ్మని. నా నోటికి జడవని పిల్లలు ఆ బడిలో చదవలేదు. ఇంట్లో ఒక్కాయనే జడవకుండా తిరిగేవారు.

ఇంజిన్లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. దూరంగా సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యెత్తి చూపించి "గ్రీన్" అని గట్టిగా పలకాలి. రెండోవారు తన కళ్ళతో తను చూసి, చెయ్యెత్తి "గ్రీన్" అని తిరిగి పలకాలి. ఒకరు చూస్తే చాలదు. ఈ అలవాటు ఇంజిన్లో ఆగకుండా మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. మా ఊళ్ళోనే ఇందా అనే పేట బజారుకి కూరలకి బయల్దేరాలన్నా సరే, నేను "గ్యాస్ బంద్" అని అరవాలి, ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే పొయ్యి వైపు చెయ్యి చాపి "గ్యాస్ బంద్" అనాలి. "వెనక గొళ్ళెం." "వెనక గొళ్ళెం." ఎదురింటి బెంగాలీ ఆవిడ మొదట్లో మేం రోజూ పోట్లాడుకుంటున్నాం అనుకుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నేను చేసింది ముప్ఫై ఏళ్ళ పైమాట.

ఆయనతో రైలు ప్రయాణం ఎలా ఉంటుందో చెబితే మీరు నమ్మరు. దుప్పటి పరిచి, దిండులో గాలి ఊది ఇచ్చినా పడుకోరు. బ్రేకు పడితే చాలు, "ఈడెవడో కుర్రోడు, తొందరెక్కువ" అని తీర్పు. బండి కాస్త ఆలస్యంగా కదిలితే లేచి తలుపు దగ్గరికి. ఒకసారి విసుగొచ్చి అడిగేశాను.

"అందరూ పడుకున్నారు కదా, మీరు పడుకుంటే ఏటి?"

"బండి నడిసేటప్పుడు డ్రైవరు నిద్దరోతాడేటే?"

"ఇప్పుడు మీరు డ్రైవరు కాదు, పాసింజరు."

"అది టిక్కెట్టుకి సెప్పు" అన్నారు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

రైల్వేలో ఇంకో పద్ధతుంది. తన తర్వాత డ్యూటీ ఎక్కేవాడు, రిలీవరంటారు, వచ్చి ఛార్జ్ తీసుకునేదాకా డ్రైవరు ఇంజిన్ వదలడు. ఇంజిన్ ఎలా ఉంది, బ్రేకు ఎలా పడుతోంది, ముందు దారిలో ఎక్కడ నెమ్మదిగా పోవాలి, అన్నీ నోటితో చెప్పి అప్పగిస్తాడు. వచ్చినవాడు అన్నీ తిరిగి పలికి "ఛార్జ్ తీసుకున్నాను" అంటాడు. అప్పుడు గానీ మొదటివాడు దిగడు. మా ఆయన ఆఖరి ట్రిప్పులో బండి ఖరగ్‌పూర్‌తో సరి. ఇంజిన్‌కి పూలదండలు కట్టారు, డప్పులు కొట్టారు, మిఠాయిలు పంచారు. ఆ హడావుడిలో ఛార్జ్ తీసుకునేవాడే లేకపోయాడు. అందుకే మీరింకా డ్యూటీ దిగలేదని నేను వేళాకోళం చేసేదాన్ని. ఆయన నవ్వేవారు గానీ, స్టేషన్లో హారన్ వినబడితే మాత్రం అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయేది.

నాకు చిరకాలంగా ఒకే కోరిక. పాసు చెల్లని చోటికి వెళ్ళాలి. ఆయన పక్కన సీట్లో కూర్చుని ఒక్కసారి ఉత్త మొగుడూ పెళ్ళాల్లా ప్రయాణం చెయ్యాలి. నేనూ రిటైరయ్యాక ఆ కోరిక మరీ ముదిరింది. ఇందాలో బస్సులు ఆగే చోట ఒక టూర్ల ఆఫీసుంది. మన బెంగాలీవాళ్ళకి అన్నం లేకపోయినా పర్వాలేదు గానీ టూరు లేకపోతే గడవదు కదా, ఏడాది పొడుగునా ఆ ఆఫీసు కళకళలాడుతూనే ఉంటుంది. దాని గోడ మీద స్విట్జర్లాండు బొమ్మ చూశాను. మంచుకొండ, దాని మీదికి పాకుతున్న ఎర్ర రైలు. ఆ రైలే నా పాలిట దేవుడైంది. పట్టాల మధ్య రంపంలా పళ్ళున్న ఇనపచట్టం ఉంటుందట, దాన్ని పట్టుకుని ఇంజిన్ కొండెక్కుతుందట. ఆ మాట చెప్పగానే ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలదన్నట్టు, పాసు చెల్లని దేశానికీ రైలు ఆశ చూపించే తీసుకెళ్ళాల్సి వచ్చింది.

అంతా బాగానే ఉంది, చిక్కల్లా విమానంతో. అంతకు ముందొకసారి ఎక్కాం. విశాఖలో మనవరాలి బారసాల. ఆ వారం వానలకి పట్టాల మీద నీళ్ళొచ్చి బళ్ళు ఆపేశారు, తప్పక కలకత్తాలో విమానం ఎక్కాం. అది పైకి లేచిన దగ్గర్నుంచి దిగేదాకా ఆయన ముందు సీటు వీపుని రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. చెమటలు కారిపోయాయి. ఎత్తంటే భయం కాదు. నీళ్ళ ట్యాంకులెక్కి తిరిగిన మనిషి. ముందు ఏముందో కనబడకుండా అంత వేగంతో పోవడం ఆయన వల్ల కాలేదు. తిరుగు టిక్కెట్లు వదిలేసుకుని ఇద్దరం రైల్లోనే ఇంటికొచ్చాం.

అది గంటన్నర ప్రయాణం. ఇది తొమ్మిది గంటల దగ్గర్లో. అందుకని ఆయన ముందే ఒప్పందం పెట్టారు.

"పట్టాలున్నంత దూరం పట్టాల మీదే వస్తాను. ఢిల్లీలో ఎక్కుదాం. ఎక్కినాక నా వల్ల కాకపోతే మాత్రం, అక్కడ దిగి నాను హోటల్లో పడుంటాను. నువ్వు ఆళ్ళతో తిరుగు. నా కోసం నీ సరదా పాడు సేసుకోకు."

ఆ మాట ఆయన మంచితనంతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎక్కడో మంచుకొండ మీద నేనొక్కదాన్నీ ఫోటోలు దిగడానికా ఇన్నాళ్ళు ఎదురుచూసింది? అయినా కనీసం ఎక్కుతానన్నారు, అంతవరకు నయం.

టూరు బృందంలో మేం తప్ప అందరూ బెంగాలీలే, మా ఊరి ఇందా, హిజ్లీ పేటల వాళ్ళు. ఢిల్లీ దాకా రైల్లో వెళ్ళింది మేమిద్దరమే. ఎయిర్‌పోర్టులో వాళ్ళని కలిసేసరికి బృందంలో మగవాళ్ళు, బెంగాలీలో దాదాలంటాం, అందరూ మెడ చుట్టూ మఫ్లర్లు చుట్టేసుకుని ఉన్నారు. బయట ఢిల్లీ ఎండ మాడ్చేస్తోంది. మా బెంగాలీవాళ్ళు చలికి ముందుగానే భయపడతారు, అదొక పద్ధతి.

మాకు ముప్ఫై ఎనిమిదో వరుస వచ్చింది. నాకు కిటికీ, ఆయనకి మధ్య సీటు, అటు చివర ఇందా నుంచి వచ్చిన ఒక దీదీ. ఆవిడ భర్త ఎక్కడో ముందు వరుసల్లో పడ్డాడు. "అబ్బ, తొమ్మిది గంటలు ఆయన గురక తప్పింది" అని ఆవిడ మహా సంతోషంగా ఉంది. ఎకానమీ క్లాసు గురించి చాలామంది చాలా చెప్పారు గానీ ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మన స్లీపర్ క్లాసులో సైడ్ అప్పర్ బెర్తుని తిట్టుకున్నందుకు అక్కడ కూర్చోగానే మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. చేతులు పెట్టుకునే చోట మూడు మోచేతులకి జాగా, మనుషులేమో మనిషికి రెండు మోచేతులతో వచ్చారు. దుప్పటి తీస్తే దిండు కింద పడుతుంది, దిండు అందుకోవాలంటే ముందు సీటాయన జుట్టులో తల పెట్టాలి.

విమానం కదిలింది. ఆయన రెండు చేతులూ ముందు సీటు వీపు మీదికి పోయాయి. కిటికీలోంచి బయటికి చూడమన్నాను.

"పక్కకి సూస్తే ఏటొస్తాది? దారి ముందు కదా ఉంటాది" అన్నారు.

పైకి లేచాక, సీటు బెల్టు దీపం ఆరాక కూడా ఆయన చేతులు దించలేదు. నీళ్ళిస్తే వద్దన్నారు. తిండి ట్రాలీ రావడానికి ఇంకా వేళుంది. ఇలాగే తొమ్మిది గంటలు సాగితే, దిగేసరికి ఈయన నిజంగానే హోటల్ మంచానికి అతుక్కుపోతారని నాకు తెలిసిపోయింది. ఎర్ర రైలు లేదు, కొండ లేదు, నా ఉత్త మొగుడూ పెళ్ళాల ప్రయాణం అసలే లేదు. దీదీ కూడా ఆయన అవస్థ చూసి, తన సంచిలోంచి మురీ, అదే మన మరమరాల పొట్లం తీసి, అందులో చనాచూర్ మిక్చరు కలిపి ఆయన ముందు పెట్టింది. ఖరగ్‌పూర్ మనిషి మరమరాలు వద్దన్నాడంటే పరిస్థితి బాగులేనట్టే.

అంతలో ఎయిర్‌హోస్టెస్ అటుగా వచ్చింది, నవ్వుముఖం పిల్ల. ఆయన ఆమెని ఆపి, హిందీలో చాలా మర్యాదగా అడిగారు.

"బేటీ, ఇంజిన్లో ఎందరుంటారు?"

ఆ పిల్లకి ఒక్క క్షణం అర్థం కాలేదు. నేను "కాక్‌పిట్" అని అందించాను. ఇద్దరుంటారని చెప్పింది. ఆయన చేతులు సీటు మీంచి కాస్త సడలాయి.

"ఒకరు పలికితే ఇంకొకరు తిరిగి పలుకుతారా?"

"పలుకుతారు అంకుల్. ఒకరు చదువుతారు, రెండోవారు చూసి తిరిగి చెప్తారు. అలా చెప్పకపోతే బయల్దేరనే బయల్దేరరు."

ఆయన నా వైపు తిరిగారు. ఢిల్లీ వదిలాక ఆ ముఖంలో మొదటిసారి కళ కనబడింది. "ఇన్నావా? ఆళ్ళకీ ఉందట" అన్నారు. సొంత ఊరివాడు తగిలినంత సంబరం. ఆ ఊపులో ఒక్కసారి వెళ్ళి ముందు భాగం చూసి రావచ్చా అని అడిగారు. ఆమె నవ్వి, అది కుదరదంది. "కానీ ఇది చూడండి" అని ఆయన ముందున్న చిన్న తెర మీద ఏవో నొక్కింది. తెర మీద ఆకాశం వచ్చింది. విమానం ముందు భాగాన ఒక కెమెరా ఉందట, దారి మొత్తం అందులో కనబడుతుందట.

ఆయన చేతులు ఒళ్ళోకి దిగాయి. వెన్ను నిటారుగా లేచింది. నేను ఆ పిల్లకి మనసులోనే వెయ్యి దండాలు పెట్టాను, గండం గడిచిందనుకున్నాను.

కొరివితో తల గోక్కున్నానని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ట్రాలీ వచ్చింది. "ఏం తింటారు?" అంటే ఆయన తెర వైపే చూస్తున్నారు. నేనే ఆయనకి అన్నం, పప్పు ఉన్నది తీసుకుని మూత తీసి పెట్టాను. ఒక ముద్ద తినడం, తెర చూడటం. ఇంకో ముద్దకి చెంచా ఎత్తి, మబ్బొచ్చిందని ఆపడం. ఆ పప్పు చల్లారి గడ్డకట్టింది. నేను మాట్లాడితే "ఊఁ" అంటున్నారు. నవ్వులాట సినిమా ఒకటి కలిసి చూద్దామంటే, "మరి ముందెవరు సూస్తారు?" అన్నారు. ముందు చూడటానికి ఇద్దరున్నారని ఇప్పుడే విన్నారు కదా అంటే, "ఉన్నారు. ఉంటే ఏటి? కళ్ళెదురుగా లైను కనబడతంటే సూడకుండా ఎలాగే?" అన్నారు.

అయిపోయింది. నేను ఖరగ్‌పూర్ నుంచి ఇంత దూరం మోసుకొచ్చి, ఆకాశం మధ్యలో మళ్ళీ ఆయన్ని డ్యూటీ ఎక్కించాను. అంతకు ముందు భయంతో బిగుసుకుని ఉన్నారు, ఇప్పుడు బాధ్యతతో బిగుసుకుని ఉన్నారు. రెంటిలో దేనికీ నిద్ర రాదు. కిటికీ తెరలన్నీ దించేశారు. పగలే అయినా విమానమంతా మగతగా ఉంది, మా దాదాలందరూ మఫ్లర్లలో మునిగిపోయారు. ఈయన కళ్ళు మాత్రం ఎర్రబడి, రెప్ప వెయ్యకుండా ఆ జానెడు తెర మీద. ఢిల్లీ రైల్లోనూ పడుకోలేదు కదా. మధ్యలో తల ఒక్కసారి ముందుకి వాలింది, వెంటనే ఉలిక్కిపడి లేచి తనని తనే తిట్టుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

తెర ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే మళ్ళీ సీటు వీపు పట్టుకుంటారు. మందలిద్దామా అనుకున్నాను. బడిపిల్లల మీద పనిచేసిన నోరు ఆయన మీద ఎన్నడూ పనిచేయలేదు. డ్యూటీలో ఉన్న డ్రైవరుని దించే దారి లోకంలో ఒక్కటే ఉంది. అది నాకు పెళ్ళయిన కొత్త నుంచీ తెలుసు.

చీర కొంగు సర్దుకుని కూర్చున్నాను. "ఏవండీ" అన్నాను, బడిలో హాజరు పిలిచే గొంతుతో. "మీ డ్యూటీ టైము అయిపోయింది."

"ఏటి?"

"రిలీవర్నొచ్చినాను. ఛార్జ్ ఇచ్చీండి."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నన్ను పైనుంచి కింది దాకా, కొత్తగా వచ్చిన అసిస్టెంటుని చూసినట్టు చూశారు.

"నీకేటి తెలుసు?"

"పలకడం తెలుసు. గ్యాస్ బందు కాడ్నించి గొళ్ళెం దాకా ఇన్నేళ్ళూ పలికినాను. ఒక్కనాడైనా తప్పినానా?"

ఆయన ఆలోచించారు. అబద్ధం ఆడే మనిషి కాదు. "నేదు. తప్పనేదు" అన్నారు.

"మరింకేటి? ఇచ్చీండి."

అప్పుడు ఆయన చేసిన పని నేను మర్చిపోను. విప్పుకున్న చొక్కా గుండీ పెట్టుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. తెర వైపు చెయ్యి చాపి మొదలుపెట్టారు.

"ఇంజిన్లు రెండు. రెండూ ఠీక్."

"రెండూ ఠీక్" అన్నాను నేను.

"సవుండు ఒక్కలాగే ఉంది. మారితే గమనించు."

"సవుండు ఒక్కలాగే ఉంది. మారితే గమనిస్తాను."

"రెక్క కొస ఊగతాది. అది మామూలే, కంగారు పడకు."

"రెక్క ఊగతాది. మామూలే."

"ముందు లైను ఖాళీ. దూరంగా మబ్బుంది."

చెయ్యెత్తి తెర వైపు చూపించి చెప్పాను. "లైను ఖాళీ. మబ్బుంది."

"ఆ బెల్టు దీపమే మన సిగ్నలు. ఎలిగితే నన్ను లేపు."

ఇక్కడ నేను ఒప్పుకోలేదు. "వెలిగితే నేను చూసుకుంటాను. ఛార్జ్ తీసుకున్నాక బండి నాది."

ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. రూలు రూలే కదా. "అదీ రైటే" అన్నారు.

"ఛార్జ్ తీసుకున్నాను."

ఆయన తన తెర ఆపేశారు. నేను నా తెర మీద ఆ కెమెరా పెట్టుకున్నాను. ఆయన వంగి బూట్లు విప్పారు, వాటిని జతగా సీటు కిందికి తోశారు, కళ్ళజోడు మడిచి నా చేతికిచ్చారు. దుప్పటి మెడ దాకా లాక్కున్నారు. నేను దిండు సర్దేలోపలే నిద్రపోయారు.

ఇన్నేళ్ళ కాపురంలో కదిలే బండిలో ఆయన నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుంది. తల మెల్లగా జారి నా భుజం మీదికొచ్చింది. మా వైపు ఆడవాళ్ళు నడిరోడ్డు మీద కూడా మొగుడి పక్కన నడవరు, నాలుగడుగులు వెనక నడుస్తారు. నేను ఆ తలని అలాగే ఉండనిచ్చాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను. సంతోషంతో కళ్ళు నిండాయి, భుజం కదిలితే ఆయన లేస్తారని తుడుచుకోలేదు.

దీదీ ఇదంతా చూస్తూనే ఉంది. భాష తెలియకపోయినా ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఛార్జ్ అన్న మాట తెలియకపోవడం ఉండదు. "చార్జ్ తుమీ నిలే?" అంది, నువ్వు తీసుకున్నావా అని. తీసుకున్నానన్నాను. ఆవిడ చాలా గంభీరంగా తలాడించి, మురీ పొట్లం నా వైపు జరిపింది.

ఇక హాయిగా నా సినిమా చూసుకుందామని తెర మీద వేలు పెట్టాను. పెట్టి, తీసేశాను. నేను చూసినా చూడకపోయినా ఆ విమానం తన దారిన పోతుందని మా బడిలో నాలుగో తరగతి పిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా మార్చబుద్ధి కాలేదు. ఛార్జ్ తీసుకున్నానని నోటితో అన్నాను కదా. కింద గోధుమరంగు కొండలు వచ్చాయి, పోయాయి. తర్వాత ఏదో సముద్రం వచ్చింది. సూర్యుడు ఎంతసేపైనా అస్తమించడు, మేం అటే పోతున్నాం మరి. భుజం తిమ్మిరెక్కింది. నిద్రపోతున్న మనిషి పక్కన మెలకువగా కాపు కాయడంలో ఇంత సుఖం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆయనకి ముందునుంచీ తెలుసు కాబోలు. అందుకే రైల్లో నేను పడుకున్నప్పుడల్లా తను పడుకోలేదు.

సగం దారి దాటాక తెరంతా తెల్లబడింది. మబ్బులు. విమానం గతుకుల రోడ్డు మీది ఆటోలా ఎగిరింది, టింగుమని బెల్టు దీపం వెలిగింది. లేపనా? బండి నాదని నేనే అన్నాను. ఆయన బెల్టు బిగించి ఉందో లేదో దుప్పటి మీంచి తడిమి చూశాను. ఉంది. ఆయన తల కదలకుండా ఖాళీ చెయ్యి పైకెత్తి, దీపం వైపు చూపించి, మెల్లగా "ఎల్లో" అన్నాను, జాగ్రత్తగా పొమ్మనే సిగ్నలు అది.

అటు చివర్నించి మరమరాలు నిండిన గుప్పిలి ఒకటి పైకి లేచింది. "ఎల్లో" అంది దీదీ, అంతే మెల్లగా, అంతే గంభీరంగా.

కుదుపులు ఉన్నంతసేపూ ఇద్దరం ఆ దీపం వంకే చూస్తూ కూర్చున్నాం. ఆయన ఒక్కసారి "ఊఁ" అని మూలిగి మళ్ళీ నిద్రలోకి జారారు. దీపం ఆరింది. నేను చెయ్యెత్తాను, ఆవిడ చెయ్యెత్తింది. "గ్రీన్." "గ్రీన్." తర్వాత ఇద్దరం నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వుకున్నాం, ఆయన లేస్తారేమోనన్న భయంతో. ఎయిర్‌హోస్టెస్ పిల్ల వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది. ఏమీ వద్దు, లైను ఖాళీగానే ఉందని చెప్పాను. ఆమె అర్థమైనట్టే తలూపింది.

దిగబోతున్నామని మైకులో చెప్పేదాకా ఆయన లేవలేదు. కిటికీ తెరలు ఎత్తేశారు, ఒక్కసారిగా వెలుతురు పడింది. కళ్ళు నులుముకున్నారు, ఎక్కడున్నదీ గుర్తుకు తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. నేను కళ్ళజోడు అందించాను. తెరలో దూరంగా రన్‌వే కనబడుతోంది, సన్నగా, తిన్నగా. ఆయన చూడాల్సిన దృశ్యం అదే. ఇంత మంచి దృశ్యం నా దగ్గర పెట్టుకోవడం న్యాయం కాదనిపించింది.

"దారిలో ఒక్కచోట కుదుపులొచ్చాయి, సర్దుకుంది. మిగతా అంతా ఠీక్" అని అప్పజెప్పి, నా తెర ఆయనకి చూపించబోయాను. "బండి దించాలి. ఛార్జ్ తీసుకోండి."

ఆయన ఆ తెర వైపు చూడనైనా లేదు. నా మీదుగా వంగి, కిటికీకి ముఖం ఆనించి, సాయంత్రపు ఎండలో మెరుస్తున్న మంచుకొండల్ని చిన్నపిల్లాడిలా చూడసాగారు. పక్కకి చూస్తే ఏమొస్తుందన్న మనిషి.

"నాకెందుకే? నువ్వే దించు" అన్నారు. "నాను సెలవులో ఉన్నాను."

నేనే దించాను.